శిబిరం ఒక్కరోజు... రోగం ఏళ్ల తరబడి
సేవా క్లబ్బుల ఆరోగ్య కార్యక్రమాలకు కొనసాగింపే అసలు పరీక్ష

శ్రీకాకుళం, విజయనగరం: ఏటా జులై వచ్చిందంటే ఉత్తరాంధ్ర పట్టణాల్లోని కల్యాణ మండపాల్లో సేవా క్లబ్బుల పదవీ స్వీకారోత్సవాల సందడి మొదలవుతుంది. రోటరీ, లయన్స్ క్లబ్బులకు జులై 1తోనే కొత్త సంవత్సరం ఆరంభం. కొత్త అధ్యక్షుడు, కొత్త కార్యదర్శి, కొత్త కోశాధికారి ప్రమాణం చేస్తారు. ఆ ఏడాది చేపట్టబోయే కార్యక్రమాల జాబితాను చదువుతారు. నేత్రవైద్య శిబిరం, రక్తదాన శిబిరం, మధుమేహ పరీక్షలు, ఆసుపత్రిలో రోగులకు పండ్లు, రొట్టెల పంపిణీ, వేసవిలో చలివేంద్రం అందులో తప్పనిసరిగా ఉంటాయి. మరుసటి జూన్ నాటికి వాటిలో చాలావరకు పూర్తవుతాయి కూడా.

ఈ సేవను తక్కువచేసి చూడటానికి వీల్లేదు. ప్రభుత్వ వైద్యం అందని చోట, అందినా ఆలస్యమయ్యే చోట ఎందరో పేదలకు తొలిసారి రక్తపోటు కొలిచింది, తొలిసారి కంటిలో శుక్లం ఉందని చెప్పింది ఇటువంటి శిబిరాలే. అయితే ఈ రెండు జిల్లాలను నేడు పట్టి పీడిస్తున్న రోగాలు ఒక్కరోజుతో తేలేవి కావు. మూత్రపిండాల వ్యాధి, మధుమేహం, రక్తపోటు, క్షయ, రక్తహీనత... ఇవన్నీ నెలలు, ఏళ్ల తరబడి వెంటాడేవే. రోగానికి ఏళ్ల ఆయుష్షు, సేవకు ఒక్కరోజు ఆయుష్షు ఉంటే ఫలితం ఏపాటిదన్న ప్రశ్న సహజంగానే తలెత్తుతోంది.

దానధర్మాలు కొత్త కాదు

పరుల ఆరోగ్యానికి సొమ్ము వెచ్చించడం ఈ ప్రాంతానికి క్లబ్బులతో వచ్చిన అలవాటు కాదు. విజయనగరంలోని ప్రభుత్వ ప్రధాన ఆసుపత్రిని జనం మహారాజా ఆసుపత్రి అనే పిలుస్తూ వచ్చారు. సాలూరులోని ఫిలడెల్ఫియా కుష్ఠు ఆసుపత్రి సమాజం వెలివేసిన రోగులను దశాబ్దాలుగా అక్కున చేర్చుకుంటోంది. రాజులు, మిషనరీల తరవాత ఆ బాధ్యతలో కొంత భాగాన్ని పట్టణ మధ్యతరగతి తలకెత్తుకుంది. వైద్యులు, వ్యాపారులు, మిల్లుల యజమానులు, అధ్యాపకులు, బ్యాంకు, బీమా ఉద్యోగులు క్లబ్బులుగా ఏర్పడ్డారు.

1905లో అమెరికాలోని షికాగోలో పుట్టిన రోటరీ, 1917లో అక్కడే మొదలైన లయన్స్ క్రమంగా మన జిల్లా కేంద్రాలకు, అక్కడి నుంచి చిన్న పట్టణాలకు విస్తరించాయి. 1961లో తెలుగునాటనే ఆవిర్భవించిన వాసవి క్లబ్బులు వీటికి తోడయ్యాయి. ఇవికాక రక్తనిధి నిర్వహణ మొదలు తుపాను సహాయం వరకు రెడ్‌క్రాస్ జిల్లా శాఖల పాత్ర వేరే ఉంది. హుద్‌హుద్ విరుచుకుపడిన 2014 అక్టోబరులోనూ, తిత్లీ ఉద్దానాన్ని ఊడ్చేసిన 2018 అక్టోబరులోనూ ఈ ప్రాంతానికి స్వచ్ఛంద సేవ విలువ అనుభవంలోకి వచ్చింది.

డబ్బుకంటే విలువైనవి మూడు ఈ క్లబ్బుల దగ్గర ఉన్నాయి. సభ్యుల్లోనే వైద్యులు ఉండటం ఒకటి. ఊరిలో పరపతి, నమ్మకం ఉండటం రెండోది. అధికారుల అనుమతుల కోసం నెలల తరబడి ఎదురుచూడకుండా అనుకున్న వెంటనే కదలగలగడం మూడోది. లేనిదల్లా ఒక్కటే... మొదలుపెట్టిన పనిని ఏడాది దాటి నిలబెట్టే ఏర్పాటు.

పోలియో నేర్పిన పాఠం

ఆ ఏర్పాటు అసాధ్యమేమీ కాదని చెప్పడానికి క్లబ్బుల చరిత్రలోనే గొప్ప నిదర్శనం ఉంది. పోలియోను ప్రపంచం నుంచి తరిమికొట్టే పనిని రోటరీ 1985లో నెత్తికెత్తుకుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ తదితర సంస్థలతో కలిసి 1988లో అంతర్జాతీయ ఉద్యమం మొదలైంది. మన దేశంలో 1995 డిసెంబరులో పల్స్ పోలియో ఆరంభమైంది. నాటి నుంచి చుక్కల మందు వేసే ఆదివారాల్లో బస్టాండ్లు, రైల్వేస్టేషన్లు, సంతలు, జాతరల వద్ద ఆరోగ్య సిబ్బంది సరసన క్లబ్బుల సభ్యులూ నిలబడ్డారు. ఏటా అదే పని. అవే వీధులు, అవే ఇళ్లు, అదే చుక్క.

2009లో దేశంలో 741 పోలియో కేసులు నమోదయ్యాయి. ఆ ఏడాది ప్రపంచం మొత్తమ్మీద నమోదైన కేసుల్లో దాదాపు సగం మనవే. అప్పటికి పల్స్ పోలియో మొదలై పద్నాలుగేళ్లు. ఇక తగ్గదులే అని చేతులెత్తేసి ఉంటే కథ వేరుగా ఉండేది. పట్టువిడవలేదు కాబట్టే 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో బయటపడిన కేసు దేశంలో చివరిదయింది. 2014 మార్చి 27న భారత్‌కు పోలియో రహిత ధ్రువీకరణ లభించింది.

1985 నుంచి 2014 వరకు ప్రతి రోటరీ క్లబ్బులోనూ ఏటా అధ్యక్షుడు మారుతూనే వచ్చాడు. లక్ష్యం మాత్రం మారలేదు. కొత్త అధ్యక్షుడు తన పేరిట కొత్త పథకం వెతుక్కోకుండా పాత పనినే అందుకున్నాడు. పోలియో విజయంలో టీకాకు ఎంత వాటా ఉందో ఈ కొనసాగింపునకూ అంత వాటా ఉంది.

శస్త్రచికిత్సతో పని తీరదు

లయన్స్ క్లబ్బులకు కంటి సేవతో విడదీయరాని బంధం. చూపు, వినికిడి లేని హెలెన్ కెల్లర్ 1925లో అమెరికాలో జరిగిన లయన్స్ మహాసభలో ప్రసంగించి, అంధుల పక్షాన నిలవాలని కోరిన నాటి నుంచి అది వారి ప్రధాన వ్రతమైంది. ఉత్తరాంధ్ర పల్లెల్లోనూ నేత్రవైద్య శిబిరం అనగానే క్లబ్బులే గుర్తుకొస్తాయి.

పూర్వం పాఠశాలల్లో, సత్రాల్లో బల్లలు వేసి అక్కడే శుక్లాలు తొలగించేవారు. సూక్ష్మక్రిముల బెడద దృష్ట్యా ఆ పద్ధతికి స్వస్తి పలికారు. ఇప్పుడు ఊరిలో పరీక్షలు మాత్రమే జరుపుతారు. ఎంపికైన వారిని బస్సులో ఆసుపత్రికి తరలించి, శస్త్రచికిత్స చేయించి, తిరిగి ఇంటికి చేరుస్తారు. విజయనగరంలోని పుష్పగిరి, విశాఖలోని శంకర్ ఫౌండేషన్, ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వంటి ఆసుపత్రులు ఈ ప్రాంత రోగులకు అందుబాటులో ఉన్నాయి. దూరాన్ని దాటించే పని క్లబ్బులది. ఒంటరి వృద్ధురాలికి శస్త్రచికిత్స ఉచితమైనా బస్సెక్కించేవారు లేకపోతే ఆ ఉచితం అక్కరకు రాదు.

చిక్కంతా ఆ తరవాతే. శస్త్రచికిత్స జరిగాక కొన్ని వారాలపాటు చుక్కల మందు వేళ తప్పకుండా వేసుకోవాలి. చెప్పిన రోజున మళ్లీ పరీక్ష చేయించుకోవాలి. దగ్గరి వస్తువులు చూడటానికి చాలామందికి అద్దాలు కావాలి. కొందరికి కొన్నాళ్ల తరవాత కృత్రిమ కటకం వెనుక పొర మసకబారుతుంది. చిన్న లేజర్ చికిత్సతో అది తొలగిపోతుంది. ఆ సంగతి చెప్పేవారు లేకపోతే ఆపరేషన్ వికటించిందనుకుని రోగి మసక చూపుతోనే కాలం వెళ్లదీస్తాడు. అతడి మాట విని పక్కింటివారూ ఆసుపత్రికి వెళ్లడానికి జంకుతారు. మధుమేహం వల్ల రెటీనా దెబ్బతింటున్నవారు శుక్లాల కోసం మాత్రమే వెతికే శిబిరంలో గుర్తింపునకు నోచుకోకపోవచ్చు. ఎన్ని శస్త్రచికిత్సలు చేయించామన్న లెక్కతోపాటు ఆరు నెలల తరవాత ఎందరికి స్పష్టంగా కనబడుతోందన్న లెక్క కూడా ఉండాలనడం అందుకే.

రక్తానికీ గడువుంది

రక్తదానంలో క్లబ్బుల సేవ వెలకట్టలేనిది. రక్తం అమ్ముకునే పద్ధతికి సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పుతో కళ్లెం పడింది. 1998 జనవరి 1 నుంచి వృత్తిదాతల రక్తం సేకరించడం నిషిద్ధం. ఆ లోటు పూడ్చాల్సింది స్వచ్ఛంద దాతలే. వారిని కూడగట్టింది రెడ్‌క్రాస్, కళాశాలల ఎన్ఎస్ఎస్ విభాగాలు, సేవా క్లబ్బులు, అభిమాన సంఘాలు.

అయితే రక్తం గోదాములో బియ్యం కాదు. దాత నుంచి సేకరించిన రక్తాన్ని యథాతథంగా 35 రోజులు నిల్వ ఉంచవచ్చు. విడదీసిన ఎర్రకణాలను తగిన ద్రావణంలో 42 రోజుల వరకు కాపాడవచ్చు. ప్లేట్‌లెట్లు అయిదు రోజులకు మించి నిలవవు. ఒకసారి ఇచ్చిన పురుషుడు మళ్లీ ఇవ్వడానికి మూడు నెలలు, మహిళ అయితే నాలుగు నెలలు ఆగాలి. ఇవన్నీ తెలిసినవే అయినా శిబిరాల తేదీలు రక్తనిధి అవసరాన్ని బట్టి కాక నాయకుల జన్మదినాలు, వర్ధంతులు, జాతీయ పండుగలను బట్టి ఖరారవుతుంటాయి. ఒకేరోజు నాలుగు చోట్ల శిబిరాలు జరిగితే రక్తనిధి నిండుతుంది. గడువు ముగిసేలోగా వాడుకోలేని రక్తం వృథా అవుతుంది. కళాశాలలకు సెలవులిచ్చే వేసవిలో విద్యార్థి దాతలు దొరకరు. వానలు పడి డెంగీ విజృంభించే వేళ ప్లేట్‌లెట్లకు గిరాకీ పెరుగుతుంది. ప్రసవ సమయంలో అధిక రక్తస్రావంతో కొట్టుమిట్టాడే తల్లికి జనవరిలో పొంగిపొర్లిన నిల్వ మే నెలలో ఆదుకోదు.

పట్టణంలోని క్లబ్బులు ఒకచోట కూర్చుని ఏడాది క్యాలెండరును రక్తనిధి వైద్యాధికారితో కలిసి రూపొందించుకుంటే ఈ సమస్య చాలావరకు తీరుతుంది. ఇందుకు అదనంగా పైసా ఖర్చు లేదు. కావాల్సిందల్లా ఎవరి బ్యానరు వారిదేనన్న పట్టింపును కాస్త సడలించుకోవడం.

ఉద్దానంలో అసలు పరీక్ష

కొనసాగింపు లేని సేవ ఎక్కడ ఆగిపోతుందో ఉద్దానాన్ని చూస్తే తెలుస్తుంది. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి, జీడి తోటల నడుమ బతికే రైతులు, కూలీలను మూత్రపిండాల వ్యాధి దశాబ్దాలుగా కబళిస్తోంది. పెద్దల్లో సుమారు 18 శాతం మందికి ఈ వ్యాధి ఉన్నట్లు 2019లో ప్రచురితమైన ఒక అధ్యయనం తేల్చింది. వారిలో అత్యధికులకు మధుమేహం, రక్తపోటు వంటి తెలిసిన కారణాలేవీ లేవు. నీటిలోని సిలికా, భార లోహాలు, పురుగుమందులు, ఎండలో గంటల తరబడి శ్రమ, నొప్పి మాత్రల వాడకం... ఇలా ఎన్నో అనుమానాలు వ్యక్తమయ్యాయి. ఇదే కారణమని నిర్ధారణ కాలేదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలోని వరి రైతులను, మధ్య అమెరికాలోని నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు కూలీలను పీడిస్తున్న వ్యాధితో దీనికి పోలికలున్నాయి.

ప్రభుత్వపరంగా కొంత కదలిక వచ్చింది. డయాలసిస్ కేంద్రాలు ఏర్పాటయ్యాయి. డయాలసిస్ రోగుల పింఛనును 2019లో నెలకు రూ.10 వేలకు పెంచారు. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని ఈ ఏడు మండలాలకు అందించేందుకు సుమారు రూ.700 కోట్లతో చేపట్టిన పథకాన్ని, పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన కేంద్రం, సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిని 2023 డిసెంబరు 14న ప్రారంభించారు. ఒకప్పుడు వైద్యం కోసం ఇచ్ఛాపురం నుంచి రెండు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణించి విశాఖ చేరాల్సి వచ్చిన దుస్థితితో పోలిస్తే ఇది పెద్ద మార్పే.

అయినా రోగి ఇంటి కష్టం తీరలేదు. డయాలసిస్ వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. అంటే ఏడాదికి 150కి పైగా ప్రయాణాలు. రోగి పనికి వెళ్లలేడు. తోడు వెళ్లే భార్యకో కుమారుడికో ఆ రోజు కూలి పోతుంది. చికిత్స ఉచితమైనా ఆటో ఖర్చు, మందులు, పథ్యం తప్పవు. విసిగి, అప్పులపాలై ఒకటి రెండు విడతలు మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

ఇంతటి సమస్యకు క్లబ్బులు అలవాటుగా చూపే పరిష్కారం మెగా వైద్య శిబిరం. రక్తంలో క్రియాటినైన్ పరీక్షించి, ఎక్కువగా ఉన్నవారికి చీటీ రాసి ఇస్తారు. ఆ చీటీ పట్టుకుని అతడు ఎక్కడికి వెళ్లాడు, అసలు వెళ్లాడా, మూడు నెలల తరవాత పరీక్ష చేయించుకున్నాడా అన్నది ఎవరూ చూడరు. వ్యాధి నిర్ధారణకు ఒక్క పరీక్ష చాలదు. కనీసం మూడు నెలల వ్యవధితో మళ్లీ చూడాలన్నది వైద్యశాస్త్రం చెప్పే మాట. తొలి దశలో గుర్తించి రక్తపోటును అదుపులో ఉంచితే డయాలసిస్‌ను ఏళ్లపాటు వాయిదా వేయవచ్చు. ఆ అవకాశం శిబిరం రోజున కాదు, ఆ తరవాతి నెలల్లోనే ఉంటుంది.

మరో ప్రమాదమూ ఉంది. ఉచిత శిబిరాల్లో ఎక్కువగా అడిగేది, ఎక్కువగా పంచేది ఒళ్లు నొప్పుల మాత్రలే. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి కొన్ని రకాల నొప్పి మాత్రలు హాని చేస్తాయి. ఉద్దానంలో క్రియాటినైన్ చూడకుండా అటువంటి మాత్రలు పంచడం మేలు తలపెట్టి కీడు చేయడమే. శుద్ధజల కేంద్రాల విషయమూ అంతే. యంత్రం అమర్చడం ఒక్కనాటి ఖర్చు. పొరలు మార్చడం, కరెంటు బిల్లు కట్టడం, నీటిని పరీక్షించడం ఏటా ఖర్చు. రెండోదానికి లెక్క కట్టకుండా మొదటిదానికి రిబ్బను కత్తిరిస్తే ఆ యంత్రం మూలన పడటం ఖాయం.

ఏడాది పదవి... పదేళ్ల పని

ఇందులో వ్యక్తులను తప్పుపట్టడానికి ఏమీ లేదు. సొంత పనులు మానుకుని, జేబులో సొమ్ము పెట్టి సేవ చేసేవారే ఎక్కువ. లోపం పద్ధతిలో ఉంది. పదవి ఏడాదే కాబట్టి ఆ ఏడాదిలో ముగిసే పనినే ఎంచుకుంటారు. అవార్డులకు పంపే నివేదికలో శిబిరాల సంఖ్య, పాల్గొన్నవారి సంఖ్య ఉంటాయి. తిరిగి చూసిన రోగుల సంఖ్యకు అందులో గడి లేదు. పత్రికల్లో వార్తగా వచ్చేదీ ప్రారంభోత్సవమే. పదో నెలలో పదకొండోసారి రోగి ఇంటికి వెళ్లి మందులు వాడుతున్నాడో లేదో కనుక్కోవడం ఫొటోకు అందదు.

ఫొటోల ప్రస్తావన వచ్చింది కాబట్టి మరో మాట. మంచంమీద రోగి చేతిలో పండ్ల సంచి, చుట్టూ పదిమంది దాతలు ఉన్న చిత్రం జిల్లా ప్రజలకు చిరపరిచితం. రోగం రహస్యంగా ఉంచుకోవడం రోగి హక్కు. సాయం పొందినందుకు ముఖం చూపించాల్సి రావడం న్యాయం కాదు.

చేయదగినవి ఇవే

మార్గాలు లేకపోలేదు. కేంద్ర ప్రభుత్వం 2022 సెప్టెంబరులో ప్రారంభించిన నిక్షయ్ మిత్ర కార్యక్రమంలో క్షయ రోగిని దత్తత తీసుకునే దాత కనీసం ఆరు నెలలపాటు పోషకాహారం అందించాలి. అంటే చికిత్స సాగినంత కాలం సాయమూ సాగాలన్న నిబంధన అందులోనే ఉంది. ఇదే పద్ధతిని ఇతర రోగాలకూ వర్తింపజేయవచ్చు.

ఒక క్లబ్బు ఒక మండలాన్ని, వీలుకాకపోతే రెండు మూడు గ్రామాలను పదేళ్లకు దత్తత తీసుకోవచ్చు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుడు, ఆశా కార్యకర్తలతో కలిసి మూత్రపిండ వ్యాధి, మధుమేహం, రక్తపోటు ఉన్నవారి వివరాలు గోప్యంగా నమోదు చేసి, మూడు నెలలకోసారి పరీక్ష చేయించవచ్చు. డయాలసిస్ రోగులకు ఒక వాహనం సమకూర్చి, దాని డ్రైవరు జీతం, ఇంధనం ఖర్చును ముందే నిధిగా జమచేయవచ్చు. పదవి దిగిపోయే అధ్యక్షుడు కొత్త అధ్యక్షుడికి మెడలో గొలుసుతోపాటు ఆ రోగుల దస్త్రాన్నీ అప్పగించాలన్న నియమం పెట్టుకోవచ్చు.

దీనికీ పరిమితులు ఉన్నాయి. ఆసుపత్రుల్లో వైద్యుల ఖాళీలు భర్తీ చేయడం, కుళాయిలో సురక్షిత జలం ఇవ్వడం, వ్యాధి మూలాన్ని కనిపెట్టే పరిశోధనకు నిధులివ్వడం ప్రభుత్వ బాధ్యతలు. క్లబ్బులు ఎంత సేవ చేసినా అవి ప్రభుత్వానికి ప్రత్యామ్నాయం కావు, కాకూడదు. అయితే ఏడాది పొడవునా రోగి వెంట ఉన్న క్లబ్బు చేతిలో ఒక ఆయుధం ఉంటుంది. ఏ గ్రామంలో ఎందరికి మందులు అందడం లేదో, ఎందరు డయాలసిస్ మానేశారో లెక్కలతో సహా అధికారులను నిలదీయగలదు. ఒక్కరోజు శిబిరం పెట్టి వెళ్లినవారికి ఆ లెక్క తెలియదు.

2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడటంతో పాత రెండు జిల్లాల సరిహద్దులు మారాయి. క్లబ్బుల పరిధులు, ఆసుపత్రుల దారులు, రోగుల అవసరాలు మాత్రం ఇప్పటికీ పరస్పరం పెనవేసుకునే ఉన్నాయి. సీతంపేట ఏజెన్సీలో రక్తహీనతతో బాధపడే గిరిజన గర్భిణికి, కవిటిలో డయాలసిస్‌కు బయలుదేరిన కూలీకి, చీపురుపల్లిలో చుక్కల మందు వేసేవారు లేని వృద్ధుడికి కావాల్సింది మరో ప్రారంభోత్సవం కాదు. వచ్చే నెల, ఆ పై నెల కూడా తలుపు తట్టే మనిషి కావాలి. వచ్చే జులైలో ప్రమాణం చేసే అధ్యక్షులు కొత్త కార్యక్రమాల జాబితా చదవడానికి ముందు, గత అధ్యక్షుడు మొదలుపెట్టిన వాటిలో ఏది కొనసాగిస్తున్నారో చెబితే అదే శుభారంభం అవుతుంది.